మాడ్రిడ్ నుంచి ఇరవై నిమిషాలు

రెండు ఊళ్ళ మధ్య ప్రయాణానికి ఎంతసేపు పడుతుందో విమానం నిర్ణయిస్తుందని అమాయకులు అనుకుంటారు. నిర్ణయించేది నాణ్యతా కమిటీ. ఈ సంగతి గణపతికి రెండువేల సంవత్సరంలో, సింగపూర్‌లో, విమాన ప్రయాణాల వెబ్‌సైట్ తయారుచేసే కంపెనీలో తెలిసింది.

అతను ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. అచ్చుకాగితం కాలికి తగిలితే కళ్ళకద్దుకునే మనిషి. అలాంటివాడు ఒక తప్పు పట్టాడు. లిస్బన్ నుంచి మాడ్రిడ్‌కు అయిదు వందల కిలోమీటర్లు, రెండు గంటల ఇరవై నిమిషాలు. మాడ్రిడ్ నుంచి లిస్బన్‌కు అవే అయిదు వందలు, ఇరవై నిమిషాలు.

"దిగిన టైములోంచి ఎక్కిన టైము తీసేస్తున్నాం సార్. రెండు ఊళ్ళ గడియారాలకీ గంట తేడా ఉంది. అది మర్చిపోయాం."

మేనేజర్ జనార్దనరావు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "క్లయింట్ సంతకం పెట్టేశాడయ్యా. తప్పు అని రాస్తే మూడు వారాలు. వివరణ అని రాస్తే ఒక్క పూట. మీ పాప బారసాల ఎప్పుడన్నావు?"

"వచ్చే బుధవారం సార్."

"సైటు రిలీజయితేనే సెలవు. నీ ఇష్టం లా."

(పదిహేనేళ్ళుగా సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లో ఉంటున్న ఆయన, అక్కడివాళ్ళు మాట చివర తగిలించే ఆ 'లా'ను తెలుగే అనుకుంటాడు.)

కమిటీ భోజనాలు తెప్పించుకుని మరీ విచారించింది. మాడ్రిడ్ ఎత్తున ఉందనీ, లిస్బన్ సముద్రపు ఒడ్డున ఉందనీ, ఎక్కడంకన్నా దిగడం తేలికనీ తేల్చింది. కింద 'సరిచూశాను' అని గణపతి గుండ్రంగా సంతకం చేశాడు.

ఆ సాయంత్రం తాడేపల్లిగూడెం నుంచి భార్య కావ్యశ్రీ ఫోన్ చేసింది. "బియ్యంలో పేరు తండ్రే రాయాలంట. వస్తారుగా?"

"మంగళవారం పొద్దున్నే విమానం. చెన్నైలో రైలెక్కితే తెల్లారేసరికి ఇంట్లో ఉంటా."

రిలీజు దివ్యంగా జరిగింది. ఆ గర్వంతో కంపెనీ తన సెలవుల విభాగంలోనూ అదే లెక్క అమలు చేసింది. రెండు గంటల లోపు ప్రయాణానికి ప్రయాణపు సెలవు లేదు. చెన్నైకి నాలుగు గంటలు పడుతుంది. కానీ అక్కడి గడియారం రెండున్నర గంటలు వెనక.

"గంటన్నరే కదండీ," అంది సెలవుల అధికారిణి తారాదేవి. "మంగళవారం ఆఫీసు చూసుకునే వెళ్ళండి."

"సాయంత్రం విమానం లేదండీ. అసలా గంటన్నరే తప్పండీ."

"తప్పని ఎవరన్నారు? కింద మీ సంతకమే ఉంది. అక్షరాలు ఎంత బాగున్నాయో."

బుధవారం బియ్యంలో పేరు తాతగారు రాశారు.

చెన్నై నుంచి రావడానికి మాత్రం ఆరున్నర గంటలు తేలింది కాబట్టి, గురువారం ప్రయాణపు సెలవు ముందే మంజూరైంది. మంజూరైన సెలవును వెనక్కి తీసుకునే నిబంధన లేదు. అందుచేత గణపతి ఆ రోజు సింగపూర్ టోవా పాయోలోని తన ఫ్లాట్‌లోనే కుర్చీ కదలకుండా కూర్చుని, ఆరున్నర గంటల పాటు ఇంటి నుంచి తిరిగి వచ్చాడు.