రెండో బ్రేకు

తెలుగు మగాడికి క్రమశిక్షణ నేర్పగల చోటు ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. బడి కాదు, మిలటరీ కాదు, అత్తారిల్లు అసలే కాదు. రేస్ ట్రాక్!

నవ్వకండి. సికింద్రాబాద్ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ కంపెనీలు బాగా పనిచేసినవాళ్లకి గోడగడియారాలివ్వడం మానేశాయి. ఇప్పుడు ఇటలీ స్పోర్ట్స్ కారు ఇస్తున్నాయి. ఉంచుకోవడానికి కాదు, ట్రాక్ మీద కాసేపు తిప్పి తిరిగి ఇచ్చెయ్యడానికి. పక్కసీట్లో ఇన్‌స్ట్రక్టర్ ఉంటారు. వాళ్ల కాలి దగ్గర రెండో బ్రేకు ఉంటుంది. దేశానికి ఇంతకు మించిన సేవ ఇంకెవరైనా చేస్తున్నారా?

రుజువు కావాలా? మౌలాలిలో మా పక్కింటి సూరి ఉన్నాడు. తుని నుంచి వచ్చి, బేగంపేటలో టీమ్ లీడరయ్యాడు. భార్య సుధకి ఏడో నెల. ఆమె ఈమధ్య ఒక శపథం పట్టింది.

"ఈయన బ్రేకు వెయ్యడం నేర్చుకునేదాకా నేనా కారెక్కను. పురిటికైనా ఆటోలోనే పోతాను."

టీమ్ లీడర్ భార్య పురిటికి ఆటోలోనా? వీధిలో తలెత్తుకోగలడా? సరిగ్గా అప్పుడే సూరికి కంపెనీ బహుమతి వచ్చింది. "ట్రాక్ వాళ్లు సర్టిఫికెట్ ఇస్తారు సుధా. అది చూశాక మాట్లాడు" అన్నాడు. మేడ్చల్ అవతలి ట్రాక్‌కి కంపెనీవాళ్లు వేసిన బస్సులో సుధ వచ్చింది. సూరి కారులో సాక్షిగా నేను వెళ్లాను. ఎలా వెళ్లానో అడక్కండి.

అక్కడ ఎర్రకారు నిలబడి ఉంది. నేలకి నాలుగు వేళ్ల ఎత్తు. సూరి భక్తిగా జేబులోంచి నిమ్మకాయలు తీసి చక్రాల కింద పెట్టబోయాడు.

"లెమన్స్ ఇటియ్యండి సర్" అంది ఇన్‌స్ట్రక్టర్ ఎమిలీ. లాలాగూడ రైల్వే కుటుంబం అమ్మాయి. "ట్రాక్ మీద తొక్క పడినా టైర్ జారుతది."

ఇచ్చేశాడు! కొత్త కారు కింద నిమ్మకాయ సరిగ్గా నలగలేదని షోరూమ్‌కి తిరిగి వెళ్లి మళ్లీ తొక్కించిన మనిషి, నోరెత్తకుండా ఇచ్చేశాడు!

"హార్న్ ఎక్కడుందండీ?"

"ఎవరికి కొడతారు సర్? ముందర ఎవ్వరు లేరు."

"లేకపోయినా మలుపులో కొట్టాలి కదండీ."

"మలుపులో బ్రేక్ కొట్టండి సర్, చాలు."

కొట్టాడు. హెల్మెట్ పెట్టమంటే పెట్టాడు, బెల్టు బిగించమంటే బిగించాడు. ఎమిలీ వేలెత్తితే వేగం తగ్గించాడు. సుధ రెయిలింగ్ పట్టుకుని రెప్పవెయ్యకుండా చూసింది. "ఈయన ఒక ఆడమనిషి మాట వినడం ఇదే మొదటిసారి బాబాయ్‌గారూ" అంది నాతో.

"సార్ మంచిగ నడిపిండు మేడమ్. నా బ్రేక్ తొక్కే పనే పడలే" అని ఎమిలీ సర్టిఫికెట్ చేతికిచ్చింది. సుధ కరిగింది. తిరుగు ప్రయాణానికి సూరి కారెక్కింది. వెనకసీట్లో నేను. చూశారా ట్రాక్ మహిమ?

ట్రాక్ గేటు దాటగానే సూరి బెల్టు ఊడింది. ఫోను చెవికెక్కింది. ఏం, తప్పా? పరీక్ష పాసయ్యాక కూడా ఎవరైనా చదువుతారా?

బోయిన్‌పల్లి మార్కెట్ దగ్గర ఒక పెద్దావిడ టమాటాల బుట్టతో రోడ్డు దాటుతోంది. అప్పటికే సగం దాటింది. సూరి హార్న్ కొట్టాడు. కాలు మాత్రం యాక్సిలరేటర్ మీదే ఉంచాడు. ఆవిడ వెనక్కి గెంతింది. టమాటాలు రోడ్డు మీద దొర్లాయి.

"ఏంది బిడ్డా, టైర్ల కిందనే చట్నీ నూరుతవా?" అంది ఆవిడ.

"చూసుకుని దాటాలి కదమ్మా" అన్నాడు సూరి కిటికీలోంచి, ఎంతో ఓర్పుగా.

"ఆపండి" అంది సుధ. కారు ఆగింది.

"ఏమైంది సుధా? సర్టిఫికెట్ ఉందిగా."

"ఉంది. ఆ అమ్మాయి పక్కన లేదు."

దిగి ఆటో పిలిచింది. "మౌలాలి. నెమ్మదిగా పోవాలి బాబూ."

"ఉరికిద్దామన్నా ఉరకదక్కా నా బండి" అన్నాడు ఆటో అతను. సుధ ఎక్కి కూర్చుంది. పురిటికి కూడా రమ్మని అప్పుడే మాట్లాడేసుకుంది.

ఇందులో ట్రాక్ తప్పేముంది? సూరికి బ్రేకు వెయ్యడం బ్రహ్మాండంగా వచ్చు. అయితే ఎర్రకారుకి గీత పడుతుందంటేనే అతని కాలు కదులుతుంది. మనిషి అడ్డొస్తే, మనిషే చూసుకోవాలి.

నేనూ దిగిపోయాను. దొరికిన టమాటాలు ఏరి ఆవిడ బుట్టలో వేసి, రోడ్డు వారగా బస్టాప్‌కి నడిచాను. ఫుట్‌పాత్ మీద కార్లు పెట్టారు మరి. వెనక హార్న్ మోగినప్పుడల్లా మురిక్కాలవలోకి గెంతుతూ వెళ్లాను. ఏ కారూ వేగం తగ్గించలేదు, ఏ ప్రమాదమూ జరగలేదు.

ఈ ఊరి కార్లన్నిటికీ రెండో బ్రేకు ఎక్కడ బిగించారో ఇప్పుడు తెలిసిందా? మీ కాళ్లు ఒకసారి చూసుకోండి.