ఒకే పెట్టెలో తొమ్మిది మంది రాణులు

ఆ శనివారం ఉదయం వెండెల్ స్టాక్‌పోల్ వేసుకున్న పథకం చాలా సులువైనది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఊరి తేనెటీగల పెంపకందార్ల సంఘం అతని పెరట్లో సమావేశమవుతుంది. అతను పెట్టె తెరిచి, ఇరవై వేల ఈగల్లోంచి రాణిని చిటికెలో చూపిస్తాడు. జనం నోరు వెళ్లబెడతారు. ఆ నోళ్లు మూతపడేలోగా అతన్ని అధ్యక్షుణ్ణి చేస్తారు. ఆరేళ్లుగా ఆ కుర్చీ మీదే అతని ప్రాణం.

రాణి చటుక్కున కనబడాలంటే దాని వీపు మీద రంగు చుక్క పెట్టాలి. ఏటా ఒక రంగు, ఈ ఏటి రంగు నీలం. చేయి తిరగనివాళ్లు ముందు పోతుటీగల మీద సాధన చేస్తారు. అవి మగవి కనుక కుట్టడం రాదు, తేనె తేవడం రాదు, తినడం మాత్రం బాగా వచ్చు.

"చుక్కలు ఎన్నయినా పెట్టుకో గానీ, ఆ మూడో పెట్టె జోలికి మాత్రం పోకు," అంది భార్య ఐడెల్లా. "పాత రాణి సగం ఈగల్ని వెంటేసుకుని వెళ్లిపోయింది. కొత్త పిల్ల ఈ వారంలోనే జత కట్టడానికి ఎగురుతుంది. తిరిగొచ్చేసరికి ఇల్లు ఇల్లులా ఉండాలి."

"అలాగే, అలాగే," అన్నాడు వెండెల్, ఉపన్యాసం మూడో పేజీ దిద్దుకుంటూ. పదేళ్లుగా ఈగల్ని పెంచే పని ఐడెల్లాది, వాటి గురించి మాట్లాడే పని అతనిది.

వచ్చేవాళ్లకు వడ్డించే బీన్స్ కుండ తేవడానికి ఆమె చర్చికి వెళ్లగానే అతను మూడో పెట్టే తెరిచాడు. కుర్చీలు వేసింది దాని పక్కనే మరి. చేతికందిన ప్రతి పోతుటీగకూ చుక్క పెట్టి తేనెపట్టు చట్రం మీదే వదిలేశాడు. రాణి మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఈలోగా కార్లు రానే వచ్చాయి.

సభ్యుల్లో ముప్పాతిక మంది ఈ ఏప్రిల్‌లోనే పెట్టెలు కొన్నవాళ్లు. రిటైరైన టీచరు డెల్ఫిన్ టిబడో చట్రం మీదకు వంగి, "ఇదిగో రాణి! నీలం చుక్క!" అని కేక పెట్టింది. చప్పట్లు మోగాయి. వెండెల్ అవుననలేదు, కాదనలేదు, వినయంగా తల వంచాడు.

"అరె, ఇక్కడ ఇంకోటి! పెట్టెకి ఒక్క రాణే కదండీ? రెండుంటే పొడుచుకు చస్తాయని మీరే చెప్పారుగా?" అన్నారు ఇంకొకరు.

"మామూలు వాళ్ల పెట్టెల్లో అంతేనండీ," అన్నాడు వెండెల్ గంభీరంగా. "మా పెంపకం వేరు."

చట్రాలన్నీ గడ్డి మీదకు చేరాయి. లెక్క తొమ్మిదికి వచ్చింది. ఒకాయన తనకు మూడు రాణులు కావాలన్నాడు. అప్పుడే ఐడెల్లా కుండతో వచ్చింది. చూసి, కుండ దించి, ఒక మహారాణిని ఉత్త వేళ్లతో పట్టుకుంది.

"తలంతా కళ్లే, ముల్లు లేదు. ఇది మగాడు, డెల్ఫిన్ గారూ."

అందరూ విరగబడి నవ్వారు. ఐడెల్లా నవ్వలేదు, ఆకాశం వైపు చూసింది. "అసలు రాణి ఎగిరిపోయినట్టుంది. ఇలా విప్పేసిన ఇల్లు గుర్తుపట్టకపోతే ఇక రాదు. ఈగలు ఇంకో రాణిని చేసుకుందామన్నా లోపల గుడ్లు లేవు. ఈ పెట్టె పని అయిపోయినట్టే."

అధ్యక్ష పదవి సంగతి అటుంచి, తన గొప్ప కోసం ఇరవై వేల ప్రాణాలను వీధిన పడేశానన్న సిగ్గుతో వెండెల్ కుంచించుకుపోయాడు.

"ఏం చెయ్యమంటావు?" అని పదేళ్లలో మొదటిసారి అడిగాడు.

"చట్రాలు ఎక్కడివక్కడ పెట్టి మూత వెయ్యి. అందరూ పెట్టె ముందు నుంచి తప్పుకోండి. నువ్వు నోరు మూసుకో."

ముప్పై మంది ఇరవై నిమిషాలు ఊపిరి బిగబట్టారు. చివరికి పొడుగాటి ఈగ ఒకటి, వెనక తెల్లటి దారంలాంటిదేదో వేలాడుతుండగా, గుమ్మం మీద వాలి లోపలికి వెళ్లింది.

"అమ్మయ్య, వచ్చేసింది!" అంది ఐడెల్లా.

"ఆ దారం ఏమిటమ్మా?" అంది డెల్ఫిన్.

"ఆఖరి పెళ్లికొడుకు ఆనవాలు. పెళ్లైన క్షణంలోనే పోయాడు పాపం. ముందున్న పది మందీ అంతే. ఈవిడ మాత్రం రెండు మూడేళ్లు గుడ్లు పెడుతుంది."

మగసభ్యులంతా బూట్ల వైపు చూసుకున్నారు. వెండెల్ లేచి, మూడు పేజీలూ మడిచి జేబులో పెట్టుకుని, "అధ్యక్షురాలిగా ఐడెల్లా," అన్నాడు. చేతులన్నీ లేచాయి. కాదనేవాళ్లెవరని అడిగితే ఒక్క చెయ్యే లేచింది, అదీ ఐడెల్లాది.

"నాకు పనుంది," అంది.

సంఘం ఆ అభ్యంతరాన్ని శ్రద్ధగా రాసుకుని ఆమెనే ఎన్నుకుంది. ఉపన్యాసాలు మాత్రం యథాప్రకారం వెండెల్‌కే వదిలేసింది.