నెత్తురు మాన్యం తిమ్మయ్య

పెద్దల అమావాస్యనాడు శ్రీనివాసులు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే పెద్దలకు ఆకు వేసి కూడు పెట్టాలి. మధ్యాహ్నం నంద్యాల నుంచి ఇనాం భూముల విచారణకు వచ్చే ఆఫీసరుకు కడుపునిండా భోజనం పెట్టి, మాన్యం తమదేనని రాయించుకోవాలి. ఆళ్లగడ్డ పక్కనున్న ఆ ఐదెకరాల చేనే ఇంటికి ఆధారం. ఎప్పుడో తిమ్మయ్య అనే బంటు పాలెగాడి కోసం యుద్ధంలో చచ్చిపోతే, చచ్చినందుకు ఇచ్చిన నెత్తురు మాన్యం అది. ఏటా ఆయన పేర ఆకు వేయడం, దాన్ని కాకి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ పస్తుండడం ఆచారం.

పదకొండైనా కాకి రాలేదు. ముప్పయ్యేళ్ల మనిషొకడు వచ్చాడు. తలపాగా, తుప్పు పట్టిన ఈటె, ఏళ్ల తరబడి నిద్రలేని కళ్లు. తిన్నగా ఆకు ముందు కూచుని కలుపుకుని తినసాగాడు.

శ్రీనివాసులు తల్లి గోవిందమ్మ కెవ్వుమంది. "ఏందప్పా ఇది! మా తిమ్మయ్య తాతకు పెట్టిన కూడు తింటాండావే!"

"నాకు పెట్టిందేగదా మల్ల," అన్నాడతను. "నేనే తిమ్మయ్యను. సావలేదు. చుక్కల్లో ఉండేటోళ్లు యుద్ధం నడుమ నన్నెత్తుకపోయినారు. వాళ్ల పగోళ్లతో కొట్లాడను కూలికి బంట్లు కావాలంట. నూటయాభై ఏండ్లు కొట్లాడినా. ఆడ వయసూ ముదరదు, యుద్ధమూ తీరదు. పారిపోయొచ్చినా. మంచమెయ్యండి, పండుకుంటా."

గోడమీది ఫోటోలో గోవిందమ్మ మామగారి ముక్కు, ఇతని ముక్కు ఒక్కటే. అరవై రెండేళ్ల గోవిందమ్మ కొంగు తలమీదికి లాక్కుని తలుపు చాటుకు వెళ్లింది. ఎంత కొడుకు వయసువాడైనా మామగారికి ముత్తాత కదా, ఎదురుగా ఎలా నిలబడుతుంది?

శ్రీనివాసులుకు చెమటలు పట్టాయి. "నువ్వు బతికింటే మాన్యం పోతాది తాతా! ఆఫీసరొచ్చే పొద్దాయ!"

అనగానే వాకిట్లో బూట్ల చప్పుడు. ఖాకీ బట్టలు, చేతిలో కాగితాల కట్ట. కాలికి రెండేసి మోకాళ్లున్నాయి గాని, ఆఫీసరు కాళ్లకేసి చూడడం మర్యాద కాదని శ్రీనివాసులు చూడలేదు. తిమ్మయ్యకు మాత్రం ముద్ద గొంతుకు అడ్డం పడింది. వచ్చినవాడు చుక్కల్లోని పటాలాన్ని నడిపే దళవాయి. ఆ జాతికి మనుషులందరూ ఒక్కలాగే కనిపిస్తారు, అందుకే ఇంటింటా పేరు పెట్టి అడుగుతాడు. తెలుగు కూడా తిమ్మయ్యలాంటి బంట్ల దగ్గరే నేర్చుకున్నాడు.

"తిమ్మయ్య బతికుండాడా, లేదా? ఉండేది ఉన్నట్టు చెప్పండి."

"సచ్చినాడు సారూ!" అన్నాడు శ్రీనివాసులు చేతులు కట్టుకుని. "ముక్కలు ముక్కలుగా నరికినారు."

"ఏటా ఆకేస్తాండాం సామీ," అంది తలుపు చాటునుంచి గోవిందమ్మ. "ఈ పొద్దుగూడా ఏసినాం."

తిమ్మయ్యకు కళ్లనీళ్లు తిరిగాయి. నూటయాభై ఏళ్లు ఏ ఇంటికోసం అలమటించాడో, ఆ ఇంటివాళ్లే తనను నరుకుతున్నారు.

"మరి ఆకుమీద తింటాండేదెవరు?" అన్నాడు దళవాయి.

శ్రీనివాసులు కన్నా ముందు గోవిందమ్మే అందుకుంది. "కాకి రాలేదు సామీ. ఆకలిగొన్నోడు తింటే కాకి ముట్టినట్టే."

దళవాయి నిట్టూర్చాడు. పాపం, ఎన్ని లోకాలు తిరిగి వచ్చాడో! "సచ్చినోళ్లు మా పటాలంలో పనికిరారు," అని కాగితంలో ఒక వరుస కొట్టేసి, కింద శ్రీనివాసులు చేత సంతకం పెట్టించుకున్నాడు. అతను వాకిలి దాటి వెళ్లిన కాసేపటికి పశువుల పాక వెనక పెద్ద వెలుగొకటి లేచి మబ్బుల్లో కలిసింది.

అప్పటికి తిమ్మయ్య గొంతులో ముద్ద దిగింది. "వాడు మీ ఆఫీసరు కాదురా. నన్ను పట్టుకపోను వచ్చినోడు. మీరు సంపినారు గాబట్టి ఇడిసిపెట్టినాడు!" అంటూ ఏడవసాగాడు. గోవిందమ్మ కొంగు సంగతే మరిచిపోయి, పరుగున వచ్చి మంచం వాల్చింది.

మూడింటికి అసలు ఆఫీసరు వచ్చేసరికి తిమ్మయ్య ఎంత గాఢంగా నిద్రపోతున్నాడంటే, చచ్చిపోయాడని చెప్పడానికి ఇంట్లో ఎవరికీ మొహమాటం కలగలేదు.