పంతులుగారికి ముప్పైకి ఇరవై

బుధవారం ఎనిమిదిన్నర బస్సుకు కలిదిండి వెళ్లి, హనుమంతరావు కొడుకు పెళ్లికి కావలసిన సామాన్ల జాబితా రాయించి, భోజనం వేళకు కైకలూరు తిరిగి రావాలన్నది వేంకటాచలంగారి ఆలోచన. హనుమంతరావుకు చేపల చెరువులున్నాయి. అతని పెళ్లి చేయించింది ఈయనే. కొడుకు పెళ్లి కూడా చేయిస్తే ఒకే ఇంట్లో రెండు తరాలు. డెబ్బై రెండేళ్ల పురోహితుడికి అంతకు మించిన కోరిక లేదు.

పూజ ముగించి పీట మీంచి లేస్తుండగా షిఫా వచ్చింది. ఏలూరులో చదువుకుంటున్న అమ్మాయి. అరవై దాటినవాళ్లలో మతిమరుపు జబ్బును ముందే ఎలా పసిగట్టవచ్చో తేల్చే పరిశోధన కోసం ట్యాబ్ పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతోంది.

"పావుగంట చాలండీ తాతగారూ. చిన్న చిన్న ప్రశ్నలే."

"అడుగమ్మా. బస్సుకింకా టైముంది."

"ఇది ఏ సంవత్సరమండీ?"

"శ్రీ విశ్వావసు నామ సంవత్సరం."

షిఫా ట్యాబ్ వంక చూసింది. అక్కడ నాలుగు అంకెలకే చోటుంది.

"నెల?"

"శ్రావణం."

"తేదీ?"

"శుద్ధ షష్ఠి. సౌమ్యవాసరం."

"ఇప్పుడు మనం ఎక్కడున్నామండీ?"

"మేరువుకు దక్షిణ దిగ్భాగంలో, శ్రీశైలానికి ఈశాన్యంలో, కృష్ణా గోదావరుల నడుమ."

యాభై ఏళ్లుగా రోజూ సంకల్పం చెబుతున్న నోరు అది. ఏడాది, నెల, తిథి, చోటు అని ఆ వరసలోనే అడిగితే ఇంకో దారి పట్టదు. ఆ సంగతి షిఫాకూ తెలుసు. కాని జవాబు దిద్దకూడదు, అందించకూడదు అని శిక్షణలో గట్టిగా చెప్పి పంపారు. ఆమె సున్నాలు నొక్కుకుంటూ పోయింది. మూడు మాటలు గుర్తుంచుకోమంటే ఉంచుకున్నారు. వందలోంచి ఏడేసి తీసేయమంటే తీసేశారు. అయినా ముప్పైకి ఇరవయ్యే వచ్చాయి.

తర్వాత ఆయన భార్య వెంకటసుబ్బలక్ష్మిగారి వంతు.

"మీవారి పేరేంటండీ, అమ్మమ్మగారూ?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, భర్త వైపు చూసింది.

"పాతకాలం మనిషమ్మా, పేరు చెప్పదు," అన్నారాయన.

షిఫా కూడా నవ్వి మార్కు వేసేసింది. వాళ్ల నానమ్మా అంతే. తేదీ అడిగితే ఆవిడ, "అవన్నీ ఆయన చూసుకుంటారమ్మా," అంది. మిగతావి ఆయనే అందించారు. పెద్దావిడను నిలదీయడం ఏం బావుంటుందని షిఫా ఊరుకుంది. నిబంధనలన్నీ పంతులుగారి దగ్గరే ఖర్చయిపోయాయి. ఈలోగా ఎనిమిదిన్నర బస్సు వెళ్లిపోయింది.

సాయంత్రం కోడలు మనస్వి ఫోనుకు కబురొచ్చింది. మావయ్యగారికి మతిమరుపు లక్షణాలున్నాయి, ఏలూరులో డాక్టరుకు చూపించాలి. మనస్వి కళ్లొత్తుకుని, ఎవరికీ చెప్పవద్దని పక్కింటి మంగాయమ్మకు చెప్పింది. మంగాయమ్మ ఎవరికీ చెప్పలేదు. జ్ఞాపకశక్తికి వాడే సరస్వతి ఆకు ఎక్కడ దొరుకుతుందని మాత్రం నాలుగు వీధులూ అడిగింది. ఎందుకని అడిగినవాళ్లకు జవాబు చెప్పక తప్పలేదు.

మర్నాటి నుంచి దారిలో కనబడ్డవాళ్లంతా, "నన్ను గుర్తుపట్టారాండీ?" అని పలకరించసాగారు. విసుగొచ్చి మాట్లాడకపోతే గుర్తుపట్టలేదన్నారు. బీరువా తాళాలు బియ్యం డబ్బాలో దొరికాయి. "పోనీలెండి మావయ్యగారూ," అని మనస్వి ఓదార్చింది. మరోరోజు గ్యాస్ పొయ్యి వెలుగుతూ ఉండిపోయింది. ఆ ఓదార్పూ ఆయనకే దక్కింది. ఆయన వంటింట్లోకి వెళ్లి ఏళ్లయింది. అయినా ఇంతమంది అంటుంటే, ఒకవేళ వెళ్లానేమోనని ఆయనకే అనుమానం మొదలైంది.

శనివారం హనుమంతరావు పళ్లూ పూలూ పట్టుకుని వచ్చాడు.

"మీరు పెద్దవారు. కుర్చీ వేయిస్తామండీ, హాయిగా కూర్చుని అక్షింతలు వేద్దురుగాని. మంత్రానికి మాత్రం గుడివాడ నుంచి ఇంకొకాయన్ని అనుకుంటున్నాం."

"నాకేమయిందయ్యా?"

"అబ్బే, ఏమీ లేదండీ." మెల్లగా అడిగాడు. "మా పెళ్లి ఎప్పుడు చేయించారో గుర్తుందాండీ?"

"ప్రమోదూతలో."

అదేదో ఊరి పేరనుకుని హనుమంతరావు ముఖం వాడిపోయింది. తన పెళ్లి కలిదిండిలోనే జరిగింది మరి.

"డాక్టరు ఏమీ లేదని రాసిస్తే?" అన్నారు పంతులుగారు.

"అప్పుడు పెళ్లి మీదేనండీ. మాటిస్తున్నాను."

సోమవారం భార్యనూ కోడలినీ వెంటబెట్టుకుని ఏలూరులో షిఫా చదువుకునే ఆసుపత్రికి వెళ్లారు. దారి పొడుగునా ఇంగ్లీషు తేదీ వల్లించుకున్నారు. ఈసారి ముప్పైకి ఇరవై తొమ్మిది. డాక్టరు మిగతా పరీక్షలు కూడా చూసి, ఏ జబ్బూ లేదని సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ కాగితాన్ని ఆయన నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచారు.

"ఎలాగూ వచ్చారు. అమ్మగారిని కూడా ఒకసారి చూద్దాం. ఒంటరిగా," అన్నాడు డాక్టరు.

షిఫా ఆవిడను లోపలికి తీసుకెళ్లి తలుపు వేసింది. పది నిమిషాలనుకున్నది ముప్పావుగంటయింది. బయటికి వచ్చిన షిఫా ఆయన పక్కన బల్ల చివర కూర్చుంది.

"తాతగారూ, అమ్మమ్మగారిని మీ పేరు అడిగానండీ."

"చెప్పదమ్మా. పాతకాలం మనిషి."

"చెప్పనని అనలేదండీ. నోటిదాకా వచ్చి పోతోందమ్మా అన్నారు." షిఫా తల దించుకుంది. "చాలాసేపు ప్రయత్నించారు. ఆ రోజు మీ ఇంట్లో నేనే మార్కు వేసేశానండీ."

ఆయనకు పొద్దుటి కాఫీ గుర్తొచ్చింది. ఏడాదిగా పొద్దున్నే కాఫీ ఇచ్చాక, అరగంటలో ఆవిడ మళ్లీ ఇంకో గ్లాసు తెచ్చి ఇస్తోంది. ఈ వయసులో తన మీద ఇంత ఆపేక్ష ఏమిటా అని మురిసిపోయి, రెండోదీ తాగేవారు. ఒక్కరోజైనా, ఇప్పుడే ఇచ్చావు కదా అని అనలేదు. అంటే ఏడాది ముందే తెలిసేది.

తలుపు తెరుచుకుంది. ఆవిడ బయటికి వచ్చి, ఆయన కనబడగానే స్థిమితపడింది.

"ఏవండీ, మీ పరీక్ష అయిపోయిందా?"

"అయిపోయింది. పాసయ్యాను."

"నాకు తెలుసు," అంది ఆవిడ.

ఇంటికొచ్చాక ఆయన హనుమంతరావుకు ఫోన్ చేశారు.

"నాకు ఏమీ లేదని డాక్టరు రాసిచ్చాడయ్యా."

"ఎంత మంచి మాట చెప్పారండీ. గుడివాడాయన్ని వద్దనేస్తాను. పెళ్లి మీరే చేయించాలి."

"వద్దనకు. ఆయన్నే రమ్మను. నేనింక ఊళ్లు తిరగలేను."

"అదేంటండీ? బానే ఉందన్నారుగా."

"నాకు బానే ఉంది. నేను ఇంట్లో ఉండాలి."

ఎందుకని హనుమంతరావు రెండుసార్లు అడిగాడు. ఆయన చెప్పలేదు. భార్య పేరు వీధిలో పడటం ఆయనకు ఇష్టం లేదు. ఫోన్ పెట్టేశాక హనుమంతరావు భార్యతో అన్నాడు:

"పాపం, డాక్టరు కనిపెట్టలేకపోయాడు గాని, పంతులుగారికి బాగా ముదిరిందే."