చెన్నకేశవులు గారి కోళ్ల ప్రాజెక్టు

వీడియో గేమ్ ఆడుతున్న పిల్లల చేతిలోంచి మౌస్ లాక్కునే తల్లిదండ్రులారా, ఆగండి! వీడియో గేమే బడి, వీడియో గేమే గురువు! ఒక్క గేమ్ చాలు, మీ పిల్లలకు పాలపళ్లు ఊడేలోపు కోడింగ్ వచ్చేస్తుంది!

నమ్మకం కుదరడం లేదా? అయితే కొండాపూర్‌లో చెన్నకేశవులు గారి ఫ్లాటుకు పదండి. కొత్తగూడ చౌరస్తా దాటాక ఎవరిని అడిగినా చాలు. "కూతురు కోడింగ్ నేర్చేసిందని లిఫ్టు ఎక్కినవాళ్లందరికీ చెబుతారే, ఆ సారేనా?" అని దారి చూపిస్తారు.

అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. బస్సుల్లేవు, బడుల్లేవు, కరెంటు దాని ఇష్టం. ఒక్క ఐటీ వాళ్లకు మాత్రం పని ఆగలేదు, ఎందుకంటే అమెరికాలో బంద్ లేదు కదా! చెన్నకేశవులు గారిది ప్రొద్దుటూరు. మాదాపూర్‌లో ఒక కంపెనీలో ప్రాజెక్టు మేనేజరు. పని చేసేవాళ్ల దగ్గరికి వెళ్లి "ఎంతవరకొచ్చింది?" అని అడగడమే ఆయన పని. స్వయంగా ఒక లైను కోడ్ రాసి ఆరేళ్లయింది.

ఆయన కూతురు ప్రియాంకకు పదేళ్లు. బడి మూసిన దగ్గర్నుంచీ ఆ పిల్ల కాపురం కంప్యూటరు ముందే. ఇటుక మీద ఇటుక పేర్చి ఊళ్లు కట్టే గేమ్ అది. ఒకరోజు ఆయన తిట్టడానికే గదిలోకి వెళ్లారు.

"ఏం పాపా, కండ్లు పోతాయి, కట్టెయ్ దాన్ని!" అని అరవబోయి ఆగిపోయారు. స్క్రీన్ మీద జోరున వాన. ఇళ్ల కప్పుల మీద పదిహేను కోళ్లు గంతులేస్తున్నాయి.

"ఇదేంది?"

"నేనే రాసిన డాడీ! వాన పడితే కోళ్లు గంతులెయ్యాలి, ఆగితే దిగిపోవాలి. ఈ గేమ్‌లో అట్ల రాయొచ్చు."

చెన్నకేశవులు గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. 'ఇది జరిగితే అది చెయ్యి' అని కంప్యూటరుకు చెప్పడం ఇంజనీరింగ్‌లో తనకు రెండు సెమిస్టర్లు కొరుకుడు పడలేదు, ఆ సంగతిని తన కూతురు కోళ్లతో గంతులేయించి తేల్చేసింది! ఆ క్షణంలో ఆయనంత సంతోషంగా ఉన్న తండ్రి సైబరాబాద్ మొత్తం మీద లేడు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! కానీ మేనేజరు కదండీ, చెయ్యి ఊరుకుంటుందా?

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు హాల్లో స్టేటస్ మీటింగ్ మొదలైంది. పిల్ల నిలబడి నిన్న ఏం చేసిందో, ఇవాళ ఏం చేస్తుందో, అడ్డంకులేమిటో చెప్పాలి. మొదటిరోజు అడ్డంకి "స్నానం చెయ్యమంటుంది మమ్మీ" అని నమోదైంది. ఎక్సెల్ షీటు తెరుచుకుంది. ఒక కోడి ఒక గంతు వెయ్యడానికి ఎన్ని గంటలు పడుతుందో అంచనా తయారైంది. మనవరాలిని చూడటానికొచ్చి బస్సుల్లేక ఇరుక్కుపోయిన ఓబులమ్మ గారిని కూడా ఆయన వదల్లేదు. కన్నతల్లికి టెస్టింగ్ అప్పగించారు! ఆవిడ కళ్లజోడు సవరించుకుని అరగంట చూసి ఒకే ఒక్క లోపం పట్టుకున్నారు.

"ఇన్ని కోళ్లుండాయి, ఒక్కటీ గుడ్డు పెట్టదేందిరా కేశవా?"

అసలు సమస్య అదేనని ఆయనకు తట్టింది. ఈ కోళ్ల వల్ల క్లయింటుకు ఉపయోగమేమిటి? వెంటనే కోళ్లను తీసేయించారు. వాటి స్థానంలో కొత్తగూడ చౌరస్తా, దానికి నాలుగువైపులా సిగ్నళ్లు. గడువు ఆదివారం. ఆ రోజు కమ్యూనిటీ హాల్లో డెమో! తెల్లాపూర్ నుంచి తన పైఅధికారి విశ్వేశ్వరరావు గారిని కూడా పిలిచేశారు. ఇక పరువంతా ఆ పిల్ల చేతిలో ఉంది.

రోజుకు ఐదుసార్లు గది తలుపు తెరుచుకునేది. "పాపా, ఎంతవరకొచ్చింది?"

"ఎనభై శాతం అయింది డాడీ."

మరుసటిరోజూ ఎనభై శాతమే. ఆ మర్నాడూ అంతే. చూశారా, పదేళ్లకే ఆ పిల్ల పరిశ్రమకు ఎంత తయారైపోయిందో!

ఆదివారం వచ్చింది. ప్రొజెక్టరు వెలిగింది. విశ్వేశ్వరరావు గారు స్వీట్ల పెట్టెతో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ప్రియాంక మాత్రం లేదు!

వెతగ్గా వెతగ్గా సెల్లార్‌లో దొరికింది. దుప్పటి పరిచి ఎనిమిది మంది పిల్లలతో బైఠాయించింది. మధ్యలో వాచ్‌మన్ భార్య బుచ్చమ్మ స్టవ్ మీద నూడుల్స్ ఉడుకుతున్నాయి. నెలరోజులుగా పెద్దవాళ్లు రోడ్ల మీద చేస్తున్న వంటావార్పు పిల్లలు చూడలేదనుకున్నారా? అట్టముక్క మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో ఒకటే డిమాండు: మా ఆట మాకు కావాలి.

"ఇదేంది పాపా? పైన సార్ కూర్చోనుండాడు!" అన్నారు చెన్నకేశవులు గారు. "నీకు కోడింగ్ వచ్చింది కదా, మళ్ల ఎందుకు అలిగినావు?"

"కోడింగ్ మంచిగనే ఉండె డాడీ, నువ్వు అడగనప్పుడు. స్కూలుకు బంద్ ఉంది, బస్సులకు బంద్ ఉంది. నా గేమ్‌కే లేదు."

"సరే, దీని మీద ఒక కమిటీ వేస్తా..."

"కమిటీలొద్దు!" అని తొమ్మిది గొంతులూ ఒక్కసారే లేచాయి.

బుచ్చమ్మ గరిటె తిప్పుతూ ఆయన వంక జాలిగా చూసింది. "గట్లెట్ల సారూ, పిల్ల ఆడుకునేదాన్ని నౌకరీ జేస్తిరి. నౌకరీ అయినంక సమ్మె గాకుంటే ఏమైతది?"

చెన్నకేశవులు గారు దుప్పటి అంచున కూలబడ్డారు. ఎవరో చేతిలో నూడుల్స్ ప్లేటు పెట్టారు. గంతులేసే కోళ్లను చూపిస్తూ నవ్విన పిల్ల ముఖం గుర్తొచ్చింది. ఆ నవ్వు చూసి వారమైందని తెలిసి ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది. పిల్లలు అడిగినవన్నీ అక్కడికక్కడే ఒప్పుకున్నారు. కోళ్లు వెనక్కి రావాలి, మీటింగులు ఉండవు, ఎక్సెల్ షీటు పిల్లల ఎదుటే డిలీట్ చెయ్యాలి!

ఈలోగా పైన, ఒంటరిగా కూర్చున్న విశ్వేశ్వరరావు గారు ఊరుకోలేక మౌస్ కదిపారు. స్క్రీన్ మీద చౌరస్తా లేదు, సిగ్నళ్లు లేవు. అచ్చం చెన్నకేశవులు గారిలా మీసాలున్న బొమ్మ ఒకటి ఇల్లిల్లూ తిరిగి తలుపు తట్టి "ఎంతవరకొచ్చింది?" అని అడుగుతోంది. అది అడిగిన ఇంట్లో దీపాలు ఆరిపోతున్నాయి. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారట.

కాబట్టి తల్లిదండ్రులారా, పిల్లల చేత గేమ్ మాన్పించాలంటే కంప్యూటరుకు తాళాలు వెయ్యనక్కర్లేదు. దాన్ని పాఠం చేసెయ్యండి. వారంలో వాళ్లే వదిలేస్తారు!

మరి చెన్నకేశవులు గారంటారా? సోమవారం ఆఫీసు నుంచి వచ్చి, కూతురి అనుమతి తీసుకుని, కంప్యూటరు ముందు కూర్చున్నారు. వాన పడితే కోళ్లతో పాటు మీసాల బొమ్మ కూడా గంతులెయ్యాలి. ఆరేళ్ల తర్వాత రాస్తున్న మొదటి లైను. తప్పొచ్చింది. కొట్టేసి మళ్లీ రాశారు. గంట గడిచింది. టీ చల్లారిపోయింది.

వెనకనుంచి ప్రియాంక వచ్చి భుజం మీదుగా తొంగిచూసింది. "డాడీ, ఎంతవరకొచ్చింది?"

"అబ్బా, కాసేపు ఆడుకోనీ పాపా!" అన్నారు చెన్నకేశవులు గారు.