తాబేలమ్మ దారిలో ఉండగా

రండి తల్లీ, రండి నాయనా, దగ్గరగా జరిగి కూర్చోండి. వెనకాల వాళ్లు కబుర్లు ఆపండి, ఈ కథ మీకే ఎక్కువ అవసరం. స్వామిని ఒక్కసారి తలుచుకుని వినండి.

ఒక పెద్ద అడవిలో కార్చిచ్చు రేగి పళ్ల చెట్లన్నీ కాలిపోయాయి. అడవి పెద్ద ఏనుగు గజపతి, దాచి ఉంచిన సీతాఫలం గింజలు ఇంటికో గుప్పెడు పంచాడు. "పాతిపెట్టి మూడు వానాకాలాలు ఓపిక పట్టండి. అందాకా చిగుళ్లూ బెరడూ తిని సర్దుకోండి" అన్నాడు.

మర్నాడే కొండముచ్చు కోదండం ఒక బండెక్కి కూర్చున్నాడు. గుంటల సలహాదారునని బోర్డు కట్టాడు.

"పాతేసి వదిలేస్తారా? ఎంత అమాయకులర్రా! ఇవాళ గుట్టవాలు జోరు మీదుంది. తవ్వి అక్కడికి మార్చండి. సలహాకి ఒక్క గింజ, అంతే."

ఆ మర్నాడు, "ఏటి ఒడ్డు పుంజుకుంది! పదండి, పదండి!"

అడవంతా ఒకటే పరుగు. "నేను నిన్ననే ఏటి ఒడ్డుకి మార్చేశా" అని నెమలి పురి విప్పేది.

ఉడత సింగారి చంటిపిల్లల తల్లి. "అయ్యా, నా గింజ మొలకెత్తింది. ఇప్పుడు పీకాలంటారా?" అని అడిగింది.

"అక్కడే ఉంటే వెనకబడిపోతావు సింగారమ్మా! నీ ఇష్టం మరి."

పీకింది. మొలక వాడిపోయింది.

గజపతి సభ పెట్టి, "అడవిలో ఇంత చురుకుదనం ఎన్నడూ చూడలేదు" అని కోదండం మెడలో దండ వేశాడు.

తాబేలు కూర్మమ్మకీ ఆశ తక్కువేం కాదు. గింజలు గుమ్మంలో పాతి, ఆవిడా సలహాకి బయల్దేరింది. బండ దగ్గరికి చేరేసరికి కోదండం గుట్టవాలన్నాడు. గింజలు తవ్వుకుందామని ఇంటిదారి పడితే, సగం దారిలో ఏటి ఒడ్డని కేక వినబడింది. సరిగ్గా విన్నానో లేదోనని మళ్లీ వెనక్కి తిరిగింది. ఇలా రాకపోకల్లోనే ఆవిడకి వానాకాలాలు గడిచిపోయాయి.

మూడో వానాకాలానికి ఎవరి దగ్గరా గింజ లేదు. కోదండం దగ్గరా లేదు. తీసుకున్న గింజలన్నిటికీ ఆయనా రోజూ గుంటలు మార్చాడు. ఆయనలో ఉన్న నిజాయితీ అదొక్కటే, తన సలహా తనే నమ్మాడు.

సింగారి చిన్నపిల్ల ఆకలితో తొర్రలోంచి లేవలేకపోయింది. తల్లి తిండి వెతుకుతుంటే ఎక్కడినుంచో పండిన పళ్ల వాసన వచ్చింది. వెళ్లి చూస్తే కూర్మమ్మ గుమ్మంలో విరగకాసిన సీతాఫలం చెట్లు!

"కోసుకుపో తల్లీ, పిల్లలకి పెట్టుకో. నాకెలాగూ చెట్టెక్కడం రాదు" అంది కూర్మమ్మ. ఆ పూట పిల్ల లేచి కూర్చుంది.

గజపతి మళ్లీ సభ పెట్టాడు. "కూర్మమ్మగారూ, మీ వ్యూహమేమిటో సెలవివ్వండి."

"వ్యూహమా? నేను దారిలో ఉన్నానయ్యా!"

చప్పట్లతో సభ దద్దరిల్లింది. సాయంత్రానికల్లా కోదండం బోర్డు మార్చాడు: కూర్మమ్మ పద్ధతి, సలహాకి రెండు కాయలు. నెమలి అందరికంటే ముందు వరసలో నిలబడింది.

సింగారి మాత్రం పిల్లలు తినగా మిగిలిన గింజలు పాతిపెట్టి, ఆ గుంట మీదే కూర్చుంది.

"సింగారమ్మా! కదలకుండా కూర్చోవడానికి ఇవాళ గుట్టవాలు భేషుగ్గా ఉంది!" అని కోదండం కేకేశాడు.

సింగారి తోకని మఫ్లర్‌లా రెండు చెవులకీ చుట్టుకుంది.

నీతి ఏమిటంటారా? సమయానికి చేరుకోలేకపోవడం కూడా స్వామి దయే. అందరికీ అంత అదృష్టం ఉండదు కాబట్టి, సింగారి చేసిన ఆ ఒక్క పని గుర్తుంచుకోండి. ఇంటికెళ్లి మీరూ చేయండి. తోక లేనివాళ్లు చేతులు వాడుకోవచ్చు.