నెలకో సెంటీమీటరు

ప్రతి నెలా ఐదో తారీకున లెక్కల మాస్టారు పైడిరాజు ఒక సెంటీమీటరు పొట్టి అవుతారు. విజయనగరంలో ఇదేం వింత కాదు. డబ్బు లేనివాళ్లు తమ ఎత్తు ఇచ్చి గగన్ కాయిన్ కొనుక్కోవచ్చనీ, ధర పెరిగాక కాయిన్లను మళ్లీ ఎత్తుగా మార్చుకోవచ్చనీ, కావాలంటే ఆ ఎత్తును పిల్లల పేర రాయవచ్చనీ కంపెనీ కరపత్రంలోనే ఉంది.

మాస్టారికి కావలసింది నాలుగు సెంటీమీటర్లు. కూతురు హైమ పరుగులో జిల్లా ఫస్టు. పోలీసు సెలక్షన్లలో మాత్రం ఎత్తు కొలిచే చోటే మూడుసార్లు వెనక్కి పంపేశారు. వయసు ప్రకారం ఇంకొక్క అవకాశమే మిగిలింది.

మాస్టారు లెక్క ప్రకారమే నడిచారు. ధర పెరిగినా ఒక సెంటీమీటరే, తగ్గినా ఒకటే. తగ్గిన నెలలో కాయిన్లు ఎక్కువ వస్తాయి కాబట్టి చివరికి సగటు మేలుగా తేలుతుంది. ఆరడుగుల బావమరిది త్రినాథ్‌కి ఈ పద్ధతి నచ్చలేదు.

"ఏటి బావా, గోళ్లు తీసుకున్నట్టు నెలనెలా ఈ కోతేటి? పడిపోద్ది చూడు, అప్పుడు నాను ఒక్కసారే ఏసేస్తాను."

మూడేళ్లు ఫోనులోంచి తల ఎత్తకుండా కాచుకున్నాడు. ఒక మంగళవారం ధర సగానికి పడింది. త్రినాథ్ ఎనభై సెంటీమీటర్లు వేసేశాడు. బుధవారం అది మళ్లీ సగానికి పడింది. ఇప్పుడు తన పాన్‌షాపులో బల్ల మీద నిలబడి, ఇంకా దిగుద్ది చూడండని వచ్చినవాళ్లకి సలహాలిస్తున్నాడు.

నలభై నెలల్లో మాస్టారు నూట డెబ్భై రెండు నుంచి నూట ముప్పై రెండుకి దిగారు. పదో తరగతి బోర్డు అందకపోతే ఆయన్ను మూడో తరగతికి మార్చారు. ఉత్తర్వులో కారణం దగ్గర 'స్వచ్ఛందం' అని రాశారు. ఎంత పాపిష్టి మాట! మాస్టారు కింద సంతకం పెట్టారు.

సెలక్షన్లకి వారం ఉందనగా తండ్రీకూతుళ్లు కంపెనీకి వెళ్లారు. కౌంటరు ఐదడుగుల ఎత్తు. దరఖాస్తుదారు ముఖం కౌంటరు పైన కనబడాలన్నది నిబంధన. హైమ తండ్రిని భుజాల మీద ఎక్కించుకుంది. చిన్నప్పుడు జాతరలో సిరిమాను చూపించడానికి ఆయన ఆమెను అలాగే ఎక్కించుకునేవారు.

మేనేజరు బాగా వంగి పలకరించాడు. అతని కోసం ఆఫీసు కప్పు ఏటా ఎత్తు చేస్తారు. ఫీజుల కింద కోసిన ఎత్తు ఎక్కడికో పోవాలి కదా.

"ఇవాళ్టి రేటుకి, ఫీజు పోను, మూడు సెంటీమీటర్లు వస్తాయండి."

"నాలుగు కావాల బాబూ."

"మీ ఇష్టం మాస్టారూ. ఇంత చవగ్గా ఉన్నప్పుడు ఆపేస్తే మీ సగటు పాడైపోద్ది."

మాస్టారు లెక్క వేసి చూసుకున్నారు. ఆ మాటలో తప్పు దొరకలేదు. తప్పు దొరకనందుకే ఆయనకి ఏడుపొచ్చింది. కన్నీళ్లు హైమ పాపిట్లో పడ్డాయి.

"ఊరుకో నాన్నా. మూడుతో ఏటవుద్ది? కాయిన్లు అలాగే ఉంచీ," అంది హైమ. తర్వాత మేనేజరుతో, "సార్, ఇంకో ఫారం ఇప్పించండి. నా పేరు మీద. నాలుగు తక్కువైనా, ఐదు తక్కువైనా నన్ను తీసుకోరు గదా," అంది.

ఐదో తారీకున, సెలక్షన్ మైదానంలో పరుగు మొదలయ్యే వేళకి, కంపెనీ మనిషి టేపుతో వాళ్లింటికి వచ్చాడు. ముందు తండ్రిని, తర్వాత కూతురిని గుమ్మానికి ఆనించి నిలబెట్టి పెన్సిల్‌తో గీతలు గీశాడు. నూట ముప్పై ఒకటి. నూట నలభై ఏడు.

మాస్టారు స్టూలు ఎక్కి క్యాలెండరు మీద ఆ నెల సగటు రాసుకున్నారు. పోయిన నెల కంటే మెరుగ్గా ఉంది.